హెక్సేన్‌కు ఏడు రూపాలు

ఆరు కార్బన్లు, పద్నాలుగు హైడ్రోజన్లు, వీటిని ఎన్ని రకాలుగా అతికించవచ్చు, ఏడు అని రాశాను, ఏడు తప్పట, సరే తప్పే అనుకుందాం, తప్పు రాస్తే మార్కులు పోతాయి గానీ మనిషి దొంగ అయిపోతుందా, తర్లుపాడులో బండి కదిలినప్పటి నుంచి ఇదొక్కటే తలలో గిర్రున తిరుగుతోంది, ఒళ్లో పలక పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి గీస్తున్నాను, ఆరు చుక్కలు, వాటి మధ్య ఐదు గీతలు, హైడ్రోజన్లను గీయాల్సిన పని లేదు, ప్రతి కార్బన్‌కూ నాలుగు చేతులు, ఖాళీగా మిగిలిన చేతులను హైడ్రోజన్లు వాటంతట అవే పట్టుకుంటాయి, బండి కుదుపుకు బలపం జారి గొలుసు వంకరపోయింది, పోతే పోయింది, వంకరపోయినా అదే గొలుసు. కంభం చేరడానికి గంట పడుతుంది. ఈ గంటలోనే నేను ఏం చెప్పాలో తేల్చుకోవాలి, కంభంలో దిగాక మిషన్ బంగళా దాకా అమ్మ మాట్లాడుతూనే ఉంటుంది, అమ్మ మాట్లాడుతుంటే నాకు ఏ ఆలోచనా సాగదు.

ఉత్తరం సంచిలో బైబిలు మధ్యన ఉంది, తీసి చూడక్కర్లేదు, కంఠతా వచ్చేసింది. నాలుగో ప్రశ్నకు మీరూ, మీ పక్క బల్లలోని సౌభాగ్యమ్మా ఒకే తప్పు జవాబు రాశారు, ఏడు బొమ్మలూ ఒకేలా ఉన్నాయి, వరుస కూడా ఒకటే, ఎవరు ఎవరిది చూసి రాశారో పన్నెండో తారీఖు పదకొండు గంటలకు కంభం బంగళాకు ఇద్దరూ వచ్చి చెప్పాలి, ఎవరూ ఒప్పుకోకపోతే ఇద్దరి పేర్లూ కొట్టేస్తాం. కింద మిషన్ ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ సంతకం, నల్ల సిరాతో, చివర గీత కాగితం అంచు దాకా లాగేసి ఉంది. అంత పొడుగు గీత గీసే మనిషికి ఎంత కోపం ఉండాలి! ఉన్నది ఒక్కటే సీటు. మద్రాసులో ఐదేళ్ళ డాక్టరు చదువు, హాస్టలూ పుస్తకాలూ అన్నీ మిషన్ వాళ్ళే చూసుకుంటారు, ఇంటర్ పూర్తిచేసిన ఆడపిల్లలు పదకొండు మంది పరీక్ష రాశాం, ఒక్కరే వెళ్తారు. ఆ ఒక్కరూ నేనే కావాలి. పైకి అనలేదు గానీ రోజూ ప్రార్థనలో కళ్ళు మూసుకోగానే మొదట వచ్చేది ఆ మాటే.

నేను చూసి రాయలేదు. ఈ లోకంలో నాకు కచ్చితంగా తెలిసిన సంగతి ఏదైనా ఉంటే అదొక్కటే. ఇద్దరికీ ఒకే తప్పు వచ్చింది, ఏడుకు ఏడూ ఒకేలా వచ్చాయి, నేను చూడలేదు, కాబట్టి సౌభాగ్యం చూసింది, ఇందులో తప్పు దొర్లే చోటెక్కడుంది, చిన్నపిల్ల కూడా చెప్తుంది. మరి అలాంటప్పుడు సౌభాగ్యం వైపు నేనెందుకు చూడలేకపోతున్నాను? అదిగో ఎదురు బల్ల చివర, కిటికీ ఊచలకు నుదురు ఆనించి కూర్చుంది, తెల్ల చీర, హాస్టల్లో ఆదివారాలు కట్టుకునే చీర, ఒక్కతే వచ్చింది, వాళ్ళమ్మకు పని మానుకోవడం కుదరలేదు కాబోలు. గుంటూరు హాస్టల్లో రెండేళ్ళు మా మంచాలు పక్కపక్కనే, దాని దువ్వెన నాది, నా సబ్బు దానిది. ఉత్తరాలు వచ్చిన రోజు నుంచి, అంటే పదిహేను రోజులుగా మాటల్లేవు. ఇందాక తర్లుపాడు ప్లాట్‌ఫారం మీద అది నన్ను చూసి ఏదో అనబోయింది, నేను వంగి చెప్పు సరిచేసుకున్నాను, చెప్పుకేం కాలేదు.

"ఏంది వదినా, నీ బిడ్డ బండెక్కినకాడి నుంచి పలక మీద ముగ్గులేస్తాంది?" అని అమ్మను అడిగింది పక్కన కూర్చున్న ఆమె. పేరు శ్రీశైలమ్మ అట, ఊరు బేస్తవారిపేట దగ్గర, ఎక్కీ ఎక్కగానే చెప్పేసింది, ఒళ్లో మేకపిల్లను పెట్టుకుని కంభం సంతకు పోతోంది.

"ముగ్గులు గాదమ్మా, చదువు," అంది మా అమ్మ. "డాక్టరు చదువు."

"డాక్టరయ్యేదానికి ముగ్గులెందుకు? సూది పొడిచేది నేర్చుకోమను."

పెట్టెలో ఆడవాళ్ళందరూ నవ్వారు, మేకపిల్ల కూడా మే అంది, సౌభాగ్యం నవ్వలేదు, నేనూ నవ్వలేదు. అమ్మ నా చెవి దగ్గరకు వంగింది, అమ్మ పేరు మార్తమ్మ, మా పలకల కొట్టంలో ఆమె గొంతు ఈ చివర నుంచి ఆ చివరికి వినిపిస్తుంది, రహస్యం చెప్పడం ఆమెకు చేతకాదు.

"గమ్మున ఉండిపోవద్దు. ఉండేమాట ఉండేటట్ల చెప్పు. అది చూసి రాసిందని చెప్పు."

"మెల్లగా అమ్మా. వింటది."

"విననీ. వినాలనే చెప్తాండా. నా కళ్ళ ముందర పెరిగిన పిల్ల, ఇట్ల చేస్తదా?"

కిటికీ దగ్గర తెల్ల చీర కదల్లేదు. వింది. నాకు తెలుసు, వింది.

పరీక్ష రోజు గుర్తు తెచ్చుకోవాలి, డాక్టరమ్మ అడిగితే చెప్పాలి కదా, ఎప్పుడు చూసింది, ఎలా చూసింది. మార్కాపురంలో బడి హాలు, మార్చి ఎండ, పెంకుల సందుల్లోంచి బల్లల మీద పడే రూపాయంత వెలుగు మచ్చలు, నాకు కుడిపక్కన సౌభాగ్యం, మధ్య మనిషి పట్టేంత దారి. నాలుగో ప్రశ్న దగ్గర దాని కలం ఆగింది, ఆ చప్పుడు ఆగడం నాకు వినిపించింది, తర్వాత తల తిప్పిందా? మొదటి వారం గుర్తు తెచ్చుకున్నప్పుడు తిప్పలేదు, పైకప్పు వైపు చూసింది. రెండో వారం గుర్తు తెచ్చుకున్నప్పుడు కొంచెం తిప్పింది. నిన్న పొద్దున గుర్తు తెచ్చుకుంటే ఏకంగా మెడ చాచి నా కాగితం మీదికి వంగింది, దాని జడ నా బల్లకు తగిలినట్టు కూడా అనిపించింది. మధ్యన మనిషి పట్టేంత దారి ఉంటే జడ ఎలా తగులుతుంది? నా జ్ఞాపకానికి నేనే రోజూ ఇంత ఇంత అన్నం పెట్టి పెంచుతున్నానా? వద్దు, ఇది ఆలోచించకూడదు, తప్పు ఎక్కడుందో ముందు అది చూడాలి, డాక్టరమ్మ ఆ ప్రశ్న కూడా అడుగుతుంది, సరే ఇప్పుడైనా సరైన జవాబు చెప్పమ్మా అంటుంది, అప్పుడు నీళ్ళు నమిలితే సీటు అక్కడికక్కడే పోతుంది. పదిహేను రోజులుగా ఎవరు ఎవరు అని తలకొట్టుకున్నాను గానీ ఎందుకు తప్పు అని ఒక్కపూట కూర్చోలేదు, హెక్సేన్ మా పుస్తకంలో లేదు, క్లాసులోనూ లేదు, కెమిస్ట్రీ చెప్పే సరోజమ్మ గారు బ్యూటేన్, పెంటేన్ చెప్పి మిగిలినవి మీరే చేసుకోండి అన్నారు.

మొదటిది, ఆరూ వరుసగా. రెండోది, ఐదు వరుసగా పెట్టి, ఆరోదాన్ని ఎడమ నుంచి రెండోదాని నెత్తిమీద. మూడోది, ఐదు వరుసగా, ఆరోది కుడి నుంచి రెండోదాని నెత్తిమీద. నాలుగోది, ఆరోది సరిగ్గా నడిమిదాని నెత్తిమీద. ఐదోది, నాలుగే వరుసగా, ఎడమ నుంచి రెండోదానికి పైనొకటి కిందొకటి. ఆరోది, అలాగే కుడి నుంచి రెండోదానికి. ఏడోది, నాలుగు వరుసలో నడిమి రెండింటికీ చెరొకటి. ఏడు. ఇంకొకటి పెట్టడానికి చోటు లేదు, ఒకటి తీసేయడానికి మనసు రావడం లేదు, ఏది తీయాలి, దేన్ని చూసినా నేను వేరే అంటోంది. చేతులు చెమట పట్టి బలపం జిగురుగా ఉంది. ఎండిన జొన్న చేలూ, కంప చెట్లూ, పలక రాళ్ళ గుట్టలూ వెనక్కి పోతున్నాయి, ఆ నల్లరాళ్ళ గుట్టలు చూస్తే కళ్ళు మూసుకున్నా నాకు ఊరొచ్చిందని తెలుస్తుంది, గుంటూరు నుంచి సెలవులకు వచ్చేటప్పుడు నేనూ సౌభాగ్యం ఎవరు ముందు గుట్ట చూస్తే వాళ్ళు గెలిచినట్టు, అది ఎప్పుడూ నాకంటే ముందే చూసేది, అన్నిట్లోనూ కొంచెం ముందే, ఇంటర్ కెమిస్ట్రీలో నాకు అరవై ఎనిమిది వస్తే దానికి డెబ్బై ఒకటి.

మా అమ్మ, సౌభాగ్యం వాళ్ళమ్మ ఒకే గోనెపట్ట మీద ఎదురుబొదురుగా కూర్చుని పలకలు ఏరతారు. గనిలోంచి వచ్చిన రాయిని మగవాళ్ళు ఉలితో పొరలు పొరలుగా చీలుస్తారు, ఆ పొరలు కొట్టంలోకి వస్తాయి, ఒక వైపు నున్నగా ఉంటుంది, దాన్ని ముఖం అంటారు, రెండో వైపు గరుకు, అది వీపు. వీపు మీద రాయడానికి పనికిరాదు, అందుకని పలకను ఎప్పుడూ తిరగేయరు, ముఖం మనవైపే పెట్టుకుని చూడాలి. మూల విరిగిన పలకలు ఉంటాయి, వాటిని పారేయరు, విరిగిన మూల పైకి పట్టుకుని చూస్తారు, ఎడమ మూల పోయినవి ఎడమ కుప్పలోకి, కుడి మూల పోయినవి కుడి కుప్పలోకి, రెండు కుప్పలకూ కోత బల్లలు వేరు, ఒకదాని పలక ఇంకోదాని మీదికి పోతే మంచి భాగం తెగిపోతుంది. నాలుగేళ్ళ వయసులో ఎడమ కుడి తెలియక కుప్పలు కలిపేస్తే అమ్మ వీపు మీద ఒక్కటి చరిచింది, పక్కనే సౌభాగ్యం కూడా తిన్నది, ఇద్దరం ఒకే రాగంలో ఏడ్చామని కొట్టంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ కలపలేదు. అఆలు రాకముందే మాకు ఎడమ కుప్ప, కుడి కుప్ప వచ్చాయి. ఇప్పుడు ఇదంతా ఎందుకు గుర్తొస్తోంది, ఆలోచించాల్సింది హెక్సేన్ గురించి, టైమెంతైంది, ఎవరి దగ్గరా గడియారం లేదు.

చిన్నదాంతో మొదలుపెడదాం. బ్యూటేన్, నాలుగు కార్బన్లు. వరుసగా నాలుగు, ఒకటి. మూడు వరుసగా, నాలుగోది నడిమిదాని మీద, రెండు. సరోజమ్మ గారు బోర్డు మీద రెండే రాశారు, సరిపోయింది. పెంటేన్, ఐదు. వరుసగా ఐదు, ఒకటి. నాలుగు వరుసగా, ఐదోది ఎడమ నుంచి రెండోదాని మీద, రెండు. ఐదోది కుడి నుంచి రెండోదాని మీద, మూడు. మూడు వరుసగా, నడిమిదానికి పైనొకటి కిందొకటి, నాలుగు.

నాలుగు?

పెంటేన్‌కు మూడే. సరోజమ్మ గారు మూడే రాశారు, పుస్తకంలో మూడే ఉన్నాయి, పరీక్షలో కూడా మూడే రాసి మార్కులు తెచ్చుకున్నాను, బొమ్మలు చూసి బట్టీ పట్టాను గానీ నా అంతట నేను ఒక్కసారీ గీసి చూసుకోలేదు. ఇప్పుడు గీస్తే నాలుగు వచ్చింది. హెక్సేన్‌లో ఎక్కువైనవి రెండు, పెంటేన్‌లో ఎక్కువైంది ఒకటి, ఎక్కువైనది ఏదో ఇందులోనే ఉంది, ఈ నాలుగింట్లోనే. పుస్తకంలో లేనిది ఏది? కుడి నుంచి రెండోదాని మీద కూర్చున్నది. అది లేదు. ఎందుకు లేదు, కళ్ళకు కనిపిస్తోంది కదా వేరేగా ఉందని, ఇది ఇటు, అది అటు, గుడ్డివాడికైనా తెలుస్తుంది, ఏది వేరో ఏది ఒకటో నాకు తెలియదా, పుట్టినప్పటి నుంచి...

పలక రెండో మూలకు ఆ రెండు బొమ్మలే పెద్దగా గీశాను. నాలుగు చుక్కల వరుస, నెత్తిమీద ఒకటి ఎడమకు. నాలుగు చుక్కల వరుస, నెత్తిమీద ఒకటి కుడికి. అమ్మ శ్రీశైలమ్మతో మేకపిల్లల దగ్గు గురించి మాట్లాడుతోంది. అమ్మకు అక్షరం రాదు, కార్బన్ అంటే పొయ్యిలో బొగ్గు కూడా కాదు ఆమెకు, ఏమీ కాదు.

"అమ్మా, ఇటు చూడు. ఈ రెండూ ఒకటేనా, వేరే వేరేనా?"

అమ్మ కళ్ళు చికిలించి కూడా చూడలేదు. కొట్టంలో రోజంతా అలవాటైన చూపు, ఒక్క చూపు.

"ఒకటెట్లయితాయి? ఇది ఎడమ కుప్పది, ఇది కుడి కుప్పది," అని మళ్ళీ మేకల వైపు తిరిగిపోయింది.

బండి ఎక్కడో సిగ్నల్ లేక ఆగింది. చప్పుడు ఆగిపోయేసరికి అమ్మ మాటే చెవిలో మిగిలింది. ఇది ఎడమ కుప్పది. ఇది కుడి కుప్పది. పుస్తకం నుంచి రాలేదు నాకు ఆ తప్పు, కొట్టంలోంచి వచ్చింది, గోనెపట్ట మీద నుంచి వచ్చింది, వీపు మీద పడిన ఆ ఒక్క దెబ్బ నుంచి వచ్చింది. పలకకు ముఖం ఉంది, వీపు ఉంది, తిరగేయకూడదు, కాబట్టి ఎడమ వేరు, కుడి వేరు. కార్బన్ గొలుసుకు వీపేది? దానికి ఏ వైపూ గరుకు లేదు, ఆవలి వైపు నుంచి చూసినా అదే గొలుసు, ఎడమది తిరగేస్తే కుడిది, రెండూ ఒకటే, ఒక్కటే, హెక్సేన్‌కు ఐదు, ఏడు కాదు ఐదు! గట్టిగా అరవాలనిపించింది, ఆ ఒక్క క్షణం ఎంత సంతోషంగా ఉందంటే సీటూ ఉత్తరమూ అన్నీ మరిచిపోయాను, ఆ వెంటనే రెండో సంగతి కూడా అదే దారిలో నడుచుకుంటూ వచ్చేసింది. ఆ గోనెపట్ట మీద నా ఎదురుగా ఇంకో పిల్ల కూడా కూర్చుంది. అదే రోజు అదే దెబ్బ తిన్నది. హెక్సేన్ గీయమంటే ఆ పిల్ల ఎన్ని గీస్తుంది? ఏడు. ఏ వరుసలో గీస్తుంది? ఎడమ ముందు, కుడి తర్వాత, కొట్టంలో ఎంచే వరుసలో. నా కాగితం చూడాల్సిన పనేముంది? నేను చూడలేదు, అదీ చూడలేదు. ఎవరూ ఎవరిదీ చూడలేదు.

బండి కదిలింది.

ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ మాట దానంతట అదే వచ్చింది, నేను పిలవలేదు. పెద్ద డాక్టరమ్మకు తెలియదు, పలకల కొట్టంలో ఆమె ఎప్పుడూ అడుగుపెట్టి ఉండదు. సౌభాగ్యానికి తెలియదు. నేను వెళ్ళి అమ్మ చెప్పినట్టు చెప్తే ఏమవుతుంది, సౌభాగ్యం కాదంటుంది, కానీ దానికి గట్టిగా మాట్లాడటం రాదు, పెద్దవాళ్ళ ముందు దానికి గొంతు పూడుకుపోతుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, నీళ్ళు తిరిగితే తప్పు చేసినట్టే కనిపిస్తుంది, నేను తలెత్తి ఇంగ్లీషులో టకటకా మాట్లాడతాను, హెక్సేన్‌కు ఐదు అని అక్కడికక్కడే గీసి చూపిస్తాను, ఇంకేం కావాలి. అదే ఈ సంగతి చెప్పాననుకో, ఇద్దరి పేర్లూ ఉంటాయి, ఇద్దరివీ ఉంటే ఇంటర్ మార్కులు చూస్తారు, అరవై ఎనిమిది, డెబ్బై ఒకటి. మూడు మార్కులు. నేను అబద్ధం చెప్పక్కర్లేదు కూడా, నేను చూడలేదు అని మాత్రమే అంటాను, అది నిజమే కదా, మిగిలింది వాళ్ళే అనుకుంటారు. అరచేత్తో పలక తుడిచేశాను. ఏడూ పోయాయి, నాలుగూ పోయాయి, అరచెయ్యంతా తెల్లగా అయింది, ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, చీరకు తుడుచుకుంటే మరక పడుతుంది, ఊరికే గాలిలో పట్టుకుని కూర్చున్నాను, ఏదో సాక్ష్యం చెప్పబోతున్నట్టు.

"ఏమ్మా, చదువు అయిపాయనా?" అంది శ్రీశైలమ్మ. "తుడిచేస్తివి?"

"అయిపోయింది," అన్నాను.

కంభం. అందరూ ఒక్కసారిగా లేచారు, మూటలు, బుట్టలు, మేకపిల్ల బల్ల కిందికి దూరింది, శ్రీశైలమ్మ దాని కాలు పట్టుకుని లాగుతుంటే అమ్మ కూడా వంగి తిడుతూ సాయం పట్టింది. నేను ముందే దిగి నీళ్ళ కుళాయి దగ్గర నిలబడ్డాను. ఇంజను నీళ్ళు పట్టుకుంటోంది. వెనక ఎవరో వచ్చి ఆగారు, చూడకుండానే తెలిసింది, ఆదివారం చీర గంజి చప్పుడు.

"ఎలీషబా, ఒక మాట."

నేను తిరగలేదు.

"నువ్వు భయపడొద్దు. నేనే చూసి రాసినానని చెప్తా."

తిరిగాను. దాని కళ్ళు ఉబ్బి ఉన్నాయి, కానీ గొంతు పూడుకుపోలేదు, రోజుల తరబడి కూడబెట్టుకున్న మాటల్లా ఒక్కొక్కటే తీసి పెడుతోంది.

"నువ్వు... చూసినావా?" అన్నాను.

"నేనెందుకు చూస్తా? నువ్వే గదా చూసింది." కోపం లేదు ఆ మాటలో, అదే భరించలేకపోయాను. "చూస్తే చూసినావు పో. ఇద్దరం గమ్మునుంటే ఇద్దరి పేర్లూ కొట్టేస్తారు. సీటు యాడికో పోతాది. మన కొట్టంలో నుంచి ఒకరన్నా పోనీ. మా అమ్మకు కూడా చెప్పినా. రెండు దినాలు తిట్టింది, ఇప్పుడు తిట్టడంల్యా."

నేను ఏమీ చేయక్కర్లేదు. నోరు మూసుకుని బంగళా దాకా నడిస్తే చాలు, నేను చూడలేదు అని కూడా అనక్కర్లేదు, అదే చెప్తుంది, అదే ఒప్పుకుంటుంది, తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది, ఇంత సులువుగా ఇవ్వమని నేను ప్రార్థనలో అడగలేదు కూడా. కుళాయి కింద చెయ్యి పెట్టాను, నీళ్ళు రాలేదు, ఇంజనుకు పోతున్నాయి కాబోలు. నాది అనుకున్న లెక్క ఎంత గట్టిదో దానిదీ అంతే గట్టిది, అది చూడలేదు కాబట్టి నేను చూశాను, అందులో తప్పు దొర్లే చోటే లేదు, ఆ లెక్క పట్టుకునే నేను దాన్ని దొంగను చేయడానికి వచ్చాను, అదే లెక్క పట్టుకుని అది నాకు సీటు ఇవ్వడానికి వచ్చింది.

"నేను చూడలేదు సౌభాగ్యం," అన్నాను. "నువ్వూ చూడలేదు."

"మరి ఏడు ఇద్దరికీ ఎట్ల వచ్చె? అవే ఏడు?"

పలక మోకాలికి ఆనించి గీశాను. నాలుగు చుక్కలు, ఒకటి ఎడమకు. నాలుగు చుక్కలు, ఒకటి కుడికి.

"ఇవి రెండూ ఒకటేనా?"

"వేరే గదా."

"ఎట్ల వేరే?"

"ఏందట్ల అడుగుతావు, ఇది ఎడమ..." అని ఆగిపోయింది. దాని కుడి చెయ్యి అప్పటికే గాలిలో లేచి, లేని పలకను లేని కుప్పలోకి విసరబోతోంది. ఆ చేతిని అదే వింతగా చూసుకుంది. తర్వాత పలకను నా చేతిలోంచి లాక్కుని, కళ్ళు మూసుకుని, మనసులో దాన్ని తిరగేసినట్టుంది, పెదాలు కదిలాయి, "పెంటేన్‌కు మూడే... అయితే ఇవి ఒకటే... హెక్సేన్‌కు ఐదు," అంది. నాకు గంట పట్టింది. దానికి ఇంజను నీళ్ళు తాగేంత సేపు కూడా పట్టలేదు. సూది గుచ్చినట్టు కలుక్కుమంది, ఈ సీటు దానిదే, మూడు మార్కులు ఊరికే రావు. కలుక్కుమన్నది అలాగే ఉంది గానీ ఊపిరి మాత్రం పదిహేను రోజుల తర్వాత కింది దాకా వెళ్ళి వచ్చింది.

"ఐదు రాసినోళ్ళు ఎవరన్నా ఉంటే?" అంది అది.

"ఉంటే సీటు వాళ్ళది."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, నవ్వొచ్చింది, ఏడుపులాంటి నవ్వు, ముక్కు చీదుకోవాల్సి వచ్చింది. నవ్వు ఆగగానే మళ్ళీ భయం. దానికి కూడా అదే తట్టింది, "మనం చెప్తే నమ్మరు," అంది, "బండిలో ఇద్దరూ కూడబలుక్కొని వచ్చినారంటారు." నిజమే. ఒకే బండిలో వచ్చాం, ఒకే మాట చెప్తాం, ఒకే తప్పు రాసినవాళ్ళం. నిన్నటికంటే ఈ రోజు ఎక్కువ దొంగల్లా కనిపిస్తాం. ఇద్దరమే చెప్తే చాలదు, మా పుస్తకం ఎన్నడూ తెరవనివాళ్ళు, మా కాగితాలు చూసినా ఏమీ అర్థం కానివాళ్ళు, ఎవరో ఒకరు చెప్పాలి. ప్లాట్‌ఫారం చివర నుంచి అమ్మ వస్తోంది, పైట మీద మేకపిల్ల చేసిన మరకను దులుపుకుంటూ, మేమిద్దరం దగ్గరగా నిలబడటం చూసి నడక వేగం పెంచింది. బొమ్మలు ముక్కల మీద గీయించి అమ్మ చేత ఏరిద్దామని గబగబా సౌభాగ్యం చెవిలో అన్నాను, అది తలూపింది.

"ఏంది? ఏమంటాంది ఇది నిన్ను?"

"ఏం లేదమ్మా. పద."

"పెద్దమ్మా, దండాలు," అంది సౌభాగ్యం. అమ్మ వచ్చి మా ఇద్దరి మధ్యలో దూరింది. బంగళా దాకా ముగ్గురం వరసగా నడిచాం, అమ్మ మధ్యలో, అమ్మ నన్ను తిట్టింది, దాన్ని తిట్టింది, ఎండను తిట్టింది, మేమిద్దరం ఒక్కమాట కూడా ఆమెకు విప్పి చెప్పలేదు, చెప్తే చెడిపోతుంది, తెలియకపోవడమే కావాలి. నెత్తి మాడుతోందో లేదో కూడా తెలియలేదు. ఒకవేళ డాక్టరమ్మ లోపలికి రానివ్వకపోతే, ఒకవేళ అమ్మ ఇంగ్లీషు మనిషిని చూసి బెదిరిపోతే, ఒకవేళ ఒక్క బొమ్మను అటు ఇటు పెడితే.

గేటు దగ్గర బంట్రోతు కాగితం చూసి, మా మొహాలు చూసి, "ముందు ఎవరు రావాల?" అన్నాడు.

"మా అమ్మ," అన్నాను.

"నేనా?" అమ్మ నిజంగానే ఒక అడుగు వెనక్కి వేసింది. "నన్నెందుకే? నాకేం తెలుసు? అ అంటే నాకు రాదు."

"వాళ్ళు కొన్ని బొమ్మలు గీసి ఇస్తారు పెద్దమ్మా," అంది సౌభాగ్యం, గొంతు పూడుకుపోతున్నా ఆపకుండా. "పలకలు ఏరినట్ల ఏరాల, అంతే."

"డాక్టరమ్మకు పలకలు ఏరేదెందుకు?"

"ఏరమ్మా," అన్నాను, "నా కోసం."

నేను లోపలికి చీటీ రాసి పంపాను, ఏడు బొమ్మలు ఏడు ముక్కల మీద విడివిడిగా గీసి ఈమెకు ఇవ్వండి, ఎన్ని రకాలో అడగండి, ఈమె ఎన్నడూ బడికి పోలేదు, పలకల కొట్టంలో మేమిద్దరం ఏరడం నేర్చుకున్నది ఈమె దగ్గరే. డాక్టరమ్మ చీటీ చదివినంత సేపూ వరండాలో గాలి ఆడలేదు. పిలుపు వచ్చింది. అమ్మ పైట సర్దుకుంది, గడప దగ్గర చెప్పులు విడిచి, తలుపు పట్టుకుని ఒక్కసారి వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూసింది, కొట్టంలో మమ్మల్ని చూసినట్టే, ఇద్దరినీ కలిపి, ఇదెవరు అదెవరు అని లేకుండా. తలుపు మూసుకుంది.

లోపల ఇంగ్లీషు ముక్కలు, బంట్రోతు తెలుగు, తర్వాత బల్ల మీద కాగితం ముక్కలు జరుపుతున్న చప్పుడు. సౌభాగ్యం నా చెయ్యి ఎప్పుడు పట్టుకుందో తెలియదు, దాని గోళ్ళు గుచ్చుకుంటున్నాయి, నావి కూడా గుచ్చుకుంటున్నాయేమో. ఎంతసేపో. అప్పుడు తలుపు అవతల నుంచి, బంగళా అంతా వినిపించేలా, రహస్యం చెప్పడం చేతకాని ఆ గొంతు,

"ఇది ఎడమ," అంది. "ఇది కుడి."